కార్పు గాలానికి రీలు ఎంపిక: గుడిబండ, హిందూపురం ప్రాంత చెరువుల్లో

శ్రీ సత్యసాయి జిల్లా పడమటి కొసన, కర్ణాటక సరిహద్దును ఆనుకుని గుడిబండ మండలం ఉంది. ఆ మండలంలోను, చుట్టుపక్కల మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లోను కార్పు జాతి చేపలకు గాలం వేసేవారు వాడదగిన రీళ్లు, వాటిలో నమ్మదగినదాన్ని గుర్తుపట్టే పద్ధతి ఈ వ్యాసంలోని విషయం. కర్ణాటకలోని చిక్కబళ్ళాపుర జిల్లాలో, హిందూపురానికి ఆగ్నేయంగా ఉన్న గుడిబండె వేరు. కొండమీది కోట నుంచి చూస్తే భారతదేశ పటంలా కనిపించే అమానీ భైరసాగర చెరువు ఆ ఊరిది. పేర్లు దాదాపు ఒకటే కావడంతో రెండూ తరచు కలిసిపోతుంటాయి.

చెరువులు, నీళ్లు

గుడిబండ, హిందూపురం వైపు సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉన్న మెట్ట ప్రాంతం. ఏడాదికి కురిసే వాన అటూ ఇటూగా 550 మిల్లీమీటర్లు. అందులోనూ ఎక్కువ భాగం ఆగస్టు నుంచి అక్టోబరు లోపలే పడుతుంది. పెన్నా హిందూపురం వైపు నుంచే రాష్ట్రంలోకి వస్తుంది, జయమంగళి పరిగి దగ్గర దానిలో కలుస్తుంది. ఈ నదులు ఏడాదిలో చాలాకాలం ఇసుక దారులే. అందుకే ఇక్కడ చేపంటే చెరువు చేపే. చిత్రావతి మీద విజయనగర కాలపు బుక్కపట్నం చెరువు, క్రియాశక్తి ఒడయరు కట్టించాడని ప్రతీతి ఉన్న ధర్మవరం చెరువు పెద్దవాటిలోకి వస్తాయి. పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయం కొత్తది. హంద్రీ-నీవా కాలువ శ్రీశైలం వెనుకజలాలను అక్కడిదాకా తెచ్చింది. కృష్ణా నీళ్లు రావడంతో ఒకప్పుడు వేసవికి నెర్రెలిచ్చే నేల మీద ఏడాది పొడవునా నీళ్లు నిలిచే చోట్లు కొన్ని ఏర్పడ్డాయి.

గుడిబండ వైపు చెరువుల్లో ఎక్కువవాటికి ఆ భాగ్యం లేదు. 2021, 2022 సంవత్సరాల్లో లాగా వానలు దండిగా పడ్డప్పుడు మరవ పారతాయి, పడనప్పుడు అడుగు బయటపడుతుంది. ఎండిన ఏళ్లలో చెరువు నేలంతా కంపచెట్లు లేస్తాయి. మళ్లీ నీళ్లు వచ్చినప్పుడు ఆ చెట్లు మునిగి, ముళ్లతో సహా నీటి కింద ఉండిపోతాయి. కట్ట లోపలివైపు రాతి పరుపు, తూము దగ్గర మెత్తటి వండ్రు, నడుమ మునిగిన కంప. రీలును ఎంచుకునేటప్పుడు కంపెనీ పేరు కంటే ముందు తలచుకోవలసింది ఈ నేలను.

ఏ చేప ఎలా లాగుతుంది

బొచ్చె, రోహు, ఎర్రమోసు మన దేశపు పెద్ద కార్పులు. నిలిచిన నీటిలో ఇవి గుడ్లు పెట్టవు, వరద ప్రవాహం కావాలి. అందువల్ల చెరువుల్లో ఏటా పిల్లను వదలాల్సిందే. ఆ పిల్ల కావలసినంత దొరకడానికి కారణం 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి ఒడిశాలో సాధించిన ప్రేరిత ప్రజననం. ఏటా జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకొనేది అందుకే. బంగారుతీగ బయటి నుంచి వచ్చింది. 1939లో శ్రీలంక నుంచి నీలగిరులకు ఒక రకం, 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కు మరో రకం చేరాయి. ఇది నిలవనీటిలోనే గుడ్లు పెడుతుంది, అవి నాచుకు, గడ్డికి అంటుకుని ఉంటాయి. 1959లో వచ్చిన గడ్డిచేప, వెండిచేప కూడా ఈ కుటుంబానివే. వెండిచేప నీటిలోని సూక్ష్మజీవులను వడపోసుకుని బతుకుతుంది కాబట్టి ఎరకు పడడం అరుదు.

బొచ్చెకు నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, మేత పైనీటిలోనే. పెదవులు మెత్తన. గట్టిగా లాగితే ముల్లు చీల్చుకుని వచ్చేస్తుంది. రోహు నడిమి నీటిలోను, ఎర్రమోసు, బంగారుతీగ అడుగున వండ్రులోను మేస్తాయి. బంగారుతీగ పెదవులు తోలులా దిట్టంగా ఉంటాయి, ముల్లు బాగా పట్టుకుంటుంది. చిక్కంతా దాని పరుగులో ఉంది. ముల్లు గుచ్చుకున్న క్షణాన ఆగకుండా నలభై యాభై మీటర్లు, అదీ నేరుగా కంపలోకి పోతుంది. గడ్డిచేప ముందు గొర్రెపిల్లలా ఒడ్డుదాకా వచ్చి, మనిషిని చూశాక అసలు బలం చూపిస్తుంది. ఎనిమిది తొమ్మిది నెలలు మాత్రమే నీళ్లుండే చెరువులో చేప అర కిలో నుంచి కిలో దాకా పెరుగుతుంది. నీళ్లు తరగని చోట నాలుగైదు కిలోలవి, అప్పుడప్పుడు అంతకు మించినవి పడతాయి. రీలు లెక్క ఈ బరువులతోనే వేసుకోవాలి. ఇరవై కిలోల చేపను తలచుకుని రీలు కొనేవాడు రోజంతా చేతికి బరువు మోసి, సాయంత్రం కిలో చేపను ఇంటికి తీసుకుపోతాడు.

రీలు వచ్చిన దారి

చైనా చిత్రకారుడు మా యువాన్ 1195 ప్రాంతంలో గీసినదిగా చెప్పే చిత్రంలో పడవ మీది జాలరి చేతిలోని కర్రకు చిన్న చక్రం కనిపిస్తుంది. రీలుకు దొరికిన తొలి ఆనవాళ్లలో అదొకటి. ఇంగ్లండులో థామస్ బార్కర్ 1651లో రాసిన పుస్తకంలో రీలు ప్రస్తావన వచ్చింది. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా రీలంటే తిరిగే చక్రమే: ఎర విసిరితే చక్రం తిరగాలి, దారం వదలాలి. తేలికైన ఎరకు చక్రాన్ని తిప్పేంత బలం ఉండదు, బరువైన ఎరకు చక్రం అవసరానికి మించి తిరిగి దారం చిక్కుపడుతుంది.

ఈ చిక్కు విడదీసినవాడు చేపల వ్యాపారి కాదు, బట్టల మిల్లు మనిషి. బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల కుటుంబానికి చెందిన ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ 1905లో కదలని స్పూలు గల రీలుకు పేటెంటు తీసుకున్నాడు. ధర్మవరంలో పట్టు నేసేవారికి దీని సూత్రం వేరే చెప్పనక్కర్లేదు. నాడెలోని కండె తిరగదు. పేక నూలు కండె కొన మీదుగా చుట్లు చుట్లుగా జారి వస్తుంది, అందుకే నాడె అంత వేగంగా పోయినా నూలు తెగదు. స్పిన్నింగ్ రీలుగా పిలిచే ఈ రకంలో జరిగేదీ అదే. ఎర విసిరినప్పుడు స్పూలు నిలిచే ఉంటుంది, తీగ దాని అంచు మీదుగా జారిపోతుంది. తిరిగి చుట్టేటప్పుడు స్పూలు చుట్టూ రోటర్ తిరుగుతుంది. 1930ల చివర నైలాన్ తీగ వచ్చాక ఈ రకం రీలు ప్రపంచమంతా పాకింది. ఫ్రాన్సులో గడియారాల పనికి పేరుపడ్డ క్లూజ్ పట్టణంలో తయారైన మిచెల్ రీళ్లు, తర్వాత జపాన్ షిమానో, డైవా కంపెనీలవి ఇంటింటి పేర్లయ్యాయి. 1952 సెప్టెంబరు 13న ఇంగ్లండులోని రెడ్‌మైర్ మడుగులో రిచర్డ్ వాకర్ 44 పౌండ్ల కార్పును పట్టడంతో కార్పు వేట ఒక ప్రత్యేక విద్యగా స్థిరపడింది, దానికి విడిగా పరికరాలు పుట్టాయి.

మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’, 1887లో ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ రాశాడు. రెండో పుస్తకం పేరులోనే చెరువు ఉంది. దక్షిణాదిలో గాలం కథ నదితోనే కాక చెరువుతోనూ ముడిపడినదని దొరలకూ తెలిసిపోయింది. ఇక మన ఊళ్లలో రీలు కొనలేని కుర్రాళ్లు ఖాళీ నీళ్ల బాటిల్‌కు నైలాన్ తీగ చుట్టి, మూతి ముందుకు చాచి సీసం గుండు విసురుతారు. ఇల్లింగ్‌వర్త్ పేరు వాళ్లు విని ఉండరు, పనిచేసేది మాత్రం ఆయన సూత్రమే.

నమ్మకం ఎక్కడుంది

రీలు నమ్మదగినదా కాదా అనేది మొదట తేల్చేది డ్రాగ్. చేప లాగినప్పుడు తీగ తెగకుండా స్పూలు జారనిచ్చే బిళ్లల అమరిక అది. డబ్బాల మీద ‘గరిష్ఠ డ్రాగ్ 12 కిలోలు’, ‘15 కిలోలు’ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఈ చెరువుల్లో వాడే 0.30 నుంచి 0.35 మిల్లీమీటర్ల నైలాన్ తీగ తట్టుకునేది సుమారు 6 నుంచి 8 కిలోలు. డ్రాగ్‌ను అందులో నాలుగో వంతుకు పెట్టుకోవాలి, అంటే కిలోన్నర, రెండు కిలోలు. పదిహేను కిలోల డ్రాగ్ ఎవరికి? కావలసింది ఆ కిలోన్నర దగ్గర మొరాయించకుండా, ఒకే తీరున జారడం.

చవక రీళ్లలో జారడం మొదలయ్యే క్షణంలో ఒక పట్టు ఉంటుంది. కదలడానికి రెండున్నర కిలోల లాగుడు కావాలి, కదిలాక కిలోన్నరే చాలు. ఆ మొదటి కుదుపుకే బొచ్చె పెదవి చీలుతుంది, లేదా ముడి తెగుతుంది. మరో సంగతి: చేప తీగను లాక్కుపోయే కొద్దీ స్పూలు మీది చుట్ట సన్నబడుతుంది, సన్నబడే కొద్దీ అదే అమరికలో లాగుడు బరువెక్కుతుంది. చుట్ట వ్యాసార్ధం 25 మిల్లీమీటర్ల నుంచి 18కి దిగితే డ్రాగ్ దాదాపు 1.4 రెట్లవుతుంది. పరుగు తీసిన చేప దూరాన తెంపుకుపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. వెడల్పైన స్పూలుకు ఉన్న అసలు లాభం ఇక్కడే.

రెండోది లైన్ రోలర్. దారాన్ని స్పూలు మీదికి మళ్లించే వంపు కమ్మీని బెయిల్ అంటారు. దాని చివర, గాలం దారం మలుపు తిరిగే చోట ఉండే చిన్న చక్రం ఇది. అది తిరగకుండా బిగుసుకుంటే దారం దాని మీద రుద్దుకుని నూలుపోగులా విడిపోతుంది. రీలు మొత్తంలో అతి చిన్న భాగం, అతి తొందరగా చెడేదీ అదే. మట్టినీళ్లు మొదట చేరేది దానిలోకే.

మూడోది హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే యాంటీ రివర్స్. మంచి రీలులో ఒకవైపే తిరిగే రోలర్ బేరింగు దీన్ని చూసుకుంటుంది, వెనక్కి వెంట్రుకవాసి కూడా జరగదు. పలచటి నూనె కారి అందులోకి పోతే, లేదా చలి ఉదయాన గ్రీజు గట్టిపడితే ఒక్కోసారి జారుతుంది. గేర్ల విషయంలో పెద్దగా చెప్పడానికి లేదు. ఇత్తడి పినియన్ ఉంటే మంచిది, జింకు పోత గేర్లు ఇక్కడి బరువులకు సరిపోతాయి.

బేరింగుల లెక్క మీద మాత్రం కొనేవాడు ఎక్కువ మోసపోతాడు. ‘13 బేరింగులు’ అని రాసిన రీలు కంటే నాలుగే ఉన్నా అవి మంచి ఉక్కువైతే అదే ఎక్కువ కాలం నడుస్తుంది. హ్యాండిల్ పిడిలో రెండు, ఇంకెక్కడో రెండు కూర్చి అంకె పెంచడం వ్యాపారం పద్ధతి.

సైజు, గేరు, తీగ

స్పిన్నింగ్ రీళ్లకు మామూలుగా 1000 నుంచి 14000 దాకా సైజులుంటాయి. ఇవి కంపెనీకో రకంగా ఉండే గుర్తులే గాని కొలతలు కావు. గుడిబండ, పెనుకొండ చెరువులకు 4000 లేదా 5000 చాలు. ఐరోపా సరస్సుల్లో నూరు మీటర్లకు మించి విసరడానికి తయారైన ‘బిగ్ పిట్’ రీళ్లు 10000, ఆ పై సైజుల్లో వస్తాయి. అవి చూడముచ్చటగా ఉంటాయి. కట్ట మీద నిలబడ్డవాడికి లోతు నీళ్లు కాళ్ల ముందే ఉంటాయి, మేత పడేది ముప్పై నలభై మీటర్ల లోపలే. గొల్లపల్లి లాంటి జలాశయంలో పల్లపు ఒడ్డు నుంచి వేస్తే తప్ప ఆ రీలుకు ఇక్కడ పని లేదు. కావేరి మాషీర్ కోసం వాడే బరువైన, స్పూలే తిరిగే మల్టిప్లయర్ రీళ్లదీ అదే మాట. మాషీర్ కూడా కార్పు కుటుంబమే, ఆ నీటి వేగం మాత్రం వేరు.

గేరు నిష్పత్తి 4.6:1 నుంచి 5.2:1 మధ్య ఉంటే మేలు. 5:1 అంటే హ్యాండిల్ ఒక చుట్టుకు రోటర్ ఐదు చుట్లు. స్పూలు వ్యాసం 5 సెంటీమీటర్లయితే ఒక్కో తిప్పుకు సుమారు 78 సెంటీమీటర్ల తీగ లోపలికి వస్తుంది. 6:1 దాటినవి కృత్రిమ ఎరలు లాగే కొరమీను వేటకు బాగుంటాయి. బరువైన చేపను లాగేటప్పుడు వాటితో చెయ్యి నొప్పిపుడుతుంది.

స్పూలు పట్టే తీగ పొడవును దాని మందం వర్గం తేలుస్తుంది. 0.30 తీగ 300 మీటర్లు పట్టే స్పూలులో 0.35 తీగ సుమారు 220 మీటర్లే పడుతుంది. ఈ చెరువులకు 150 మీటర్లు దండి. తీగను అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ దాకా నింపాలి. తక్కువైతే దూరం పోదు, ఎక్కువైతే చుట్లు గుంపుగా ఊడి వస్తాయి. మునిగిన కంప ఎక్కువున్న చోట అల్లిక తీగ వేయాలనుకుంటే అడుగున కొన్ని చుట్లు నైలాన్ వేసి దాని మీద చుట్టాలి, లేకపోతే మొత్తం చుట్టే స్పూలు మీద జారుతుంది. అల్లిక తీగ ప్లాస్టిక్ అంచును కోసేస్తుంది కాబట్టి స్పూలు అల్యూమినియందే అయి ఉండాలి.

కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. చేప తీగను లాక్కుపోతుంటే కంగారులో హ్యాండిల్ తిప్పుతూనే ఉంటారు. స్పూలు జారుతుండగా తిప్పితే తీగ లోపలికి రాదు. 5:1 రీలులో ఒక్కో తిప్పుకు ఐదు మెలికలు తీగలోకి ఎక్కుతాయి. సాయంత్రానికి తీగ పురికొసలా ముడుచుకుంటుంది, అప్పుడు రీలు మంచిది కాదంటారు. చేప పోతుంటే చెయ్యి ఆపాలి. ఆగాక కర్ర పైకెత్తి, దించుతూ చుట్టుకోవాలి.

ఫ్రీ స్పూలు కావాలా

1980ల్లో షిమానో తెచ్చిన బెయిట్‌రన్నర్ పద్ధతితో రీలుకు రెండో డ్రాగ్ వచ్చింది. వెనకనున్న మీట వేస్తే స్పూలు దాదాపు స్వేచ్ఛగా తిరుగుతుంది. చేప ఎరతో పోతున్నా కర్ర నీళ్లలోకి పోదు. హ్యాండిల్ తిప్పగానే అసలు డ్రాగ్ పట్టుకుంటుంది. శెనిక్కాయ చెక్క, తవుడు కలిపిన ముద్దనో రాగిపిండి ఉండనో అడుగున వేసి, కర్రను రాళ్ల సందులో దోపి, చెట్టు నీడన కూర్చునేవారికి ఇది నిజంగా పనికొచ్చే ఏర్పాటు. బంగారుతీగ పరుగుకు కర్రతో సహా రీలు చెరువులో పోయిన కథ ప్రతి ఊళ్లోనూ ఒకటుంటుంది. బెండు కట్టి బొచ్చెకు వేసేవాడు కర్రను చేతిలోనే పట్టుకుంటాడు కాబట్టి అతనికి ఇది వృథా ఖర్చు, అదనపు బరువు. ఫ్రీ స్పూలు లేని రీలుతోనూ ముందు డ్రాగ్‌ను వదులు చేసి పెట్టుకోవచ్చు. అయితే అరచుట్టులోనే బిగిసే రకం కావాలి. నాలుగైదు చుట్లు తిప్పితేగాని బిగియని డ్రాగ్‌తో ఆ పని చేస్తే బిగించేలోపు చేప కంపలో ఉంటుంది.

కొట్లో పరీక్ష

మంచి రకాలు కొనడానికి ఇక్కడివారు బెంగళూరు పోతారు, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లకు పైచిలుకు. కొట్లో చేత్తో చూసి కొనడమే మేలు.

హ్యాండిల్‌ను చాలా నెమ్మదిగా తిప్పాలి. వేగంగా తిప్పితే ఎంత చెడ్డ రీలైనా నున్నగానే అనిపిస్తుంది. ప్రతి చుట్టులోనూ ఒకే చోట గరుకు తగిలితే గేరు పోతలో లోపం ఉంది. స్పూలును రెండు వేళ్లతో పట్టి పక్కలకు ఊపితే కొంచెం కదలిక ఉండొచ్చు, టకటకలాడితే వద్దు. బెయిల్‌ను చేత్తో ఇరవై సార్లు తెరిచి మూసి చూడాలి. స్ప్రింగు ఒక్కసారి తడబడినా చాలు, తిరిగి ఇచ్చేయవచ్చు. గాలం దారం ముక్క ఒకటి జేబులో పెట్టుకుపోయి లైన్ రోలర్ మీదుగా లాగితే రోలర్ తిరగాలి.

డ్రాగ్‌కు నీళ్ల సీసా చాలు. లీటరు సీసా కిలో, అర లీటరుది అర కిలో. రెండూ కలిపి తీగకు కట్టి, రీలును ఎదురొమ్ము ఎత్తున పట్టుకుని వేలాడదీయాలి. డ్రాగ్‌ను కొద్దికొద్దిగా వదులు చేస్తూ పోతే ఒక చోట సీసాలు జారడం మొదలవుతాయి. నెమ్మదిగా, ఆగకుండా నేలకు దిగితే ఆ రీలును నమ్మవచ్చు. కాసేపు బిగుసుకుని, ఒక్కసారిగా ధబేలున పడి, మళ్లీ ఆగితే డబ్బా మీద ఎంత పేరున్న కంపెనీ ముద్ర ఉన్నా వదిలేయాలి. పేరున్న కంపెనీల నకిలీలు బజారులో తిరుగుతుంటాయి కూడా.

విడి స్పూలు, హ్యాండిల్, బెయిల్ స్ప్రింగు దొరుకుతాయా అనేది ధర కంటే ముందు అడగాలి. అరుదైన గొప్ప రీలు కన్నా, నలుగురూ వాడే మామూలు రీలు మేలనిపించేది ఇలాంటప్పుడే. ఒకటి చెడితే ఇంకొకదాని భాగాలు దానికి పనికొస్తాయి.

ఎండ, దుమ్ము, వండ్రు

మార్చి దాటితే పగటి ఎండ నలభై డిగ్రీలకు చేరుతుంది. ఎండలో నిలిపిన కారులోనో బండి డిక్కీలోనో రీలు వదిలేస్తే గ్రీజు కరిగి ఒక పక్కకు చేరుతుంది, నైలాన్ తీగ పెళుసుబారుతుంది. ఎర్రదుమ్ము ఇంకా చెడ్డది. గ్రీజులో కలిసి గరుకు పేస్టులా మారి గేరు పళ్లను తినేస్తుంది. రీలును నేల మీద పెట్టకపోవడమే సగం మరమ్మతు. ఇంటికి వచ్చాక తడిగుడ్డతో తుడిచి, డ్రాగ్ వదులు చేసి ఉంచాలి. బిగించి వదిలేస్తే లోపలి ఫెల్టు బిళ్లలు అణగారి మళ్లీ ఆ మొదటి పట్టు మొదలవుతుంది. పంపు కింద ధారగా కడిగితే బయటి మట్టి లోపలికి పోతుంది. లైన్ రోలర్‌కు, హ్యాండిల్ పిడికి కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క, గేర్లకు ఏడాదికోసారి గ్రీజు. తుప్పు వదిలించే స్ప్రేలు ఉన్న గ్రీజును కడిగేస్తాయి, వాటిని కందెనగా వాడకూడదు.

అనుమతి, పక్షులు

చెరువులో చేప ఎవరిదీ కాదనుకోవడం పొరపాటు. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానికో, పాటలో పాడుకున్నవారికో ఉంటుంది. పిల్లను వదిలింది వాళ్లు, కాపలా కాసేది వాళ్లు. గాలం వేసే ముందు అడగడం మర్యాద, చట్టమూ అదే. పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించింది.

చిలమత్తూరు మండలం వీరాపురానికి ఏటా ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకోవడానికి వస్తాయి, చుట్టుపక్కల చెరువుల చేపే వాటి పిల్లలకు తిండి. రీలు మీంచి తీసేసిన పాత నైలాన్‌ను కట్ట మీద పారేస్తే ఆ పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది. దాన్ని ముక్కలుగా కత్తిరించి ఇంటి చెత్తలో వేయాలి.

పాత రీళ్లు

బెంగళూరులో వాడిన రీళ్లు సగం ధరకు దొరుకుతాయి. కొత్త చవక రీలు కంటే ఇవే నయమని చాలామంది అనుభవజ్ఞులు అంటారు, అందులో నిజం ఉంది. చూడవలసినవి మూడు చోట్లు. లైన్ రోలర్ మీద తీగ కోసిన గాడి ఉంటే ఆ భాగం మార్చాలి. రీలు పాదం దగ్గర, కాడ మొదట్లో పగులు గీత ఉంటే కొనకూడదు, దానికి మరమ్మతు లేదు. హ్యాండిల్‌ను వెనక్కి గట్టిగా తోసి చూసినప్పుడు జారితే యాంటీ రివర్స్ బేరింగు పోయినట్లు. అది మాత్రమే లోపమైతే, బేరింగు దొరుకుతుందని ముందే రూఢి చేసుకుని, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించుకుని తీసుకోవచ్చు.